బొమ్మ పోయిందా, దీపం పోయిందా?

ఈసారి ఉత్తరాలన్నీ టీవీ తెర మీదే. ట్యూబు టీవీ నుంచి ఓలెడ్ దాకా పేర్లు చాలానే మారాయి. కొనేటప్పుడైనా, చెడిపోయినప్పుడైనా ముందు చూడాల్సింది మాత్రం ఒకటే: ఈ తెరలో వెలుగు ఎక్కడ పుడుతోంది? అది తేలితే సగం సందేహాలు అక్కడే తీరిపోతాయి.

ప్ర: రెండేళ్ల క్రితం 'ఎల్ఈడీ టీవీ' అని అడిగి మరీ కొన్నాం. మొన్న రిపేరుకు వచ్చినతను లోపల చూసి "ఇది ఎల్‌సీడీనే కదమ్మా" అన్నాడు. షాపువాళ్లు మోసం చేశారా? (ఒక పాఠకురాలు, తెనాలి)

జ: ఇద్దరూ నిజమే చెప్పారు. తోలుబొమ్మలాటలో బొమ్మకు సొంత వెలుగు ఉండదు. తెర వెనక దీపం పెడితే, రంగులద్దిన తోలు గుండా ఆ వెలుతురు వచ్చి మనకు బొమ్మ కనిపిస్తుంది. మీ టీవీ కూడా అంతే. బొమ్మ కట్టేది ద్రవస్ఫటికాల (లిక్విడ్ క్రిస్టల్) పొర, అదే ఎల్‌సీడీ. వెనక వెలిగే దీపాలు ఎల్ఈడీలు. సుమారు 2010 దాకా వచ్చిన సెట్లలో ఎల్ఈడీల స్థానంలో సన్నటి ట్యూబులైట్ల లాంటి గొట్టాలు ఉండేవి, వాటిలో పాదరసం ఉండేది. తర్వాత దీపం మార్చారు, బొమ్మ పొరను అలాగే ఉంచారు. కంపెనీలు దీపం పేరునే టీవీకి పెట్టేశాయి.

ఆ పొర చేసే పని వెలుతురును ఆపడం, వదలడం. ముందొకటి, వెనకొకటి ఒకే దిశలో కంపించే వెలుతురునే వదిలే పోలరైజర్ పలకలు ఉంటాయి. మధ్యలో ఉన్న ద్రవస్ఫటికాలకు ఇచ్చే వోల్టేజీని బట్టి వెలుతురు మెలి తిరిగి, ముందు పలక గుండా బయటికి వస్తుంది, లేదా అక్కడే ఆగిపోతుంది. ఒక్కో చుక్కకు (పిక్సెల్‌కు) ఎరుపు, ఆకుపచ్చ, నీలం గళ్లు మూడు. ఫుల్ హెచ్‌డీ తెరలో చుక్కలు 1920 × 1080, అంటే 20.7 లక్షలు. గళ్లు లెక్కేస్తే 62 లక్షలు. ద్రవస్ఫటికాల తీరును 1888లో గమనించినాయన ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ రైనిట్జర్. క్యారెట్ నుంచి తీసిన కొలెస్ట్రాల్ మీద ఆయన పనిచేస్తున్నాడు. సరిగ్గా నూరేళ్లకు, 1988లో, షార్ప్ కంపెనీ 14 అంగుళాల రంగుల ఎల్‌సీడీ తెర చూపించింది.

ఈ పద్ధతిలో ఉన్న లోపం ఏమిటంటే, గడి మూసినా వెలుతురు కాస్త కారుతుంది. అందుకే రాత్రి దృశ్యాల్లో నలుపు బూడిద రంగులో కనిపిస్తుంది. బొమ్మ కట్టే ఈ పొరను ప్యానెల్ అంటారు, అందులో ఐపీఎస్, వీఏ అని రకాలున్నాయి. ఐపీఎస్ రకం ప్యానెల్‌లో తెలుపుకీ నలుపుకీ తేడా సుమారు 1000 రెట్లు, వీఏ రకంలో 3000 రెట్లు, అంతకు పైనే. అయితే వీఏ తెరను పక్క నుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి. హాలంతా చుట్టూ కూర్చుని చూసే ఇంటికి ఐపీఎస్, ఎదురుగా సోఫాలో ఇద్దరు ముగ్గురే చూసే ఇంటికి వీఏ నయం. షాపులో అడిగితే చాలాచోట్ల తెలియదంటారు. తెర పక్కకు వెళ్లి నిలబడి చూస్తే మీకే తెలుస్తుంది.

ప్ర: మా 32 అంగుళాల ఎల్ఈడీ టీవీలో మాటలు వస్తున్నాయి, బొమ్మ రావట్లేదు. ఆన్ చేయగానే ఒక్క క్షణం మెరిసి ఆరిపోతుంది. ప్యానెల్ పోయిందని, మార్చాలంటే కొత్త టీవీ అంత ఖర్చని చెప్పారు. పాత సామాన్ల వాళ్లకు ఇచ్చేయమంటారా? (ఒక పాఠకుడు, కరీంనగర్)

జ: ఆగండి. మీరు చెప్పిన లక్షణాలకు ప్యానెల్ కాదు, దాని వెనక దీపం, అంటే బ్యాక్‌లైట్, పోయి ఉంటుంది. ఇంట్లోనే తేల్చుకోవచ్చు. గది చీకటి చేసి టీవీ ఆన్ చేయండి. మాటలు రావడం మొదలయ్యాక ఫోను టార్చిని తెరకు రెండు మూడు అంగుళాల దూరంలో కాస్త ఏటవాలుగా పట్టి, రిమోట్‌లో మెనూ నొక్కండి. టార్చి పడ్డ చోట మెనూ అక్షరాలు లీలగా కనిపిస్తే ప్యానెల్ బతికే ఉంది, బ్యాక్‌లైట్ పోయింది. ఏ వైపు నుంచి చూసినా ఏమీ కనిపించకపోతే అప్పుడు ప్యానెల్‌కు సంకేతాలు పంపే టీ-కాన్ బోర్డు, మెయిన్ బోర్డు, ప్యానెల్ మీద అనుమానపడాలి.

ప్యానెల్ వెనక అల్యూమినియం పట్టీల మీద ఎల్ఈడీలు వరసగా అతికించి ఉంటాయి. మెకానిక్‌లు వీటిని స్ట్రిప్పులంటారు. 32 అంగుళాల సెట్లలో మామూలుగా రెండో మూడో ఉంటాయి. పెళ్లిళ్లకు కట్టే సీరియల్ సెట్టులో ఒక బల్బు పోతే దండంతా ఆరిపోతుంది చూశారా, ఇక్కడా అంతే. ఒక ఎల్ఈడీ లోపల లింకు తెగితే వరసంతా చీకటే. తెగీ తెగనట్టు ఉంటే చల్లగా ఉన్నప్పుడు వెలుగుతుంది, వేడెక్కగానే వదిలేస్తుంది. అది చూసి ఎల్ఈడీలకు కరెంటు అందించే డ్రైవర్ సర్క్యూట్ మొత్తం సరఫరా ఆపేస్తుంది. మీకు కనిపించే ఒక్క క్షణపు మెరుపు అదే. లో వోల్టేజీ వల్ల పోయిందని చెబుతుంటారు. కరెంటు హెచ్చుతగ్గులకు పవర్ సప్లై బోర్డు దెబ్బతినొచ్చు గానీ, స్ట్రిప్పులను తినేసేది వేడి. షాపులో ధగధగలాడాలని ఫ్యాక్టరీలోనే బ్యాక్‌లైట్‌ను గరిష్ఠంగా పెట్టి పంపుతారు. అది ఇంటికొచ్చాక కూడా అలాగే ఉండిపోతుంది.

బాగు చేయించేటప్పుడు కొన్ని విషయాల్లో గట్టిగా ఉండండి. పోయిన ఒక్క ఎల్ఈడీ మార్చి పంపేస్తామంటే ఒప్పుకోవద్దు. మిగతావీ అదే వేడిలో అన్నే గంటలు వెలిగినవే, నెలల్లో మళ్లీ వస్తారు. పైగా కొత్తది ఎక్కువ, పాతవి తక్కువ వెలిగి తెర మీద మచ్చలా కనిపిస్తుంది. స్ట్రిప్పుల సెట్టు మొత్తం మార్చాలి. పాత స్ట్రిప్పు మీద అచ్చువేసిన నంబరు చూసి తేవాలి. ఒక్కో ఎల్ఈడీ 3 వోల్టులదా, 6 వోల్టులదా అన్నది కలవకపోతే వెలగవు, వెలిగినా నిలవవు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి స్పేర్ పార్టుల బజారులో 32 అంగుళాల టీవీ స్ట్రిప్పుల సెట్టు ధర వందల్లోనే ఉంటుంది. అసలు ఖర్చు పనితనానిది. ప్యానెల్ గాజును పైకెత్తేటప్పుడు దాని అంచున వేలాడే సన్నటి రిబ్బన్లలో ఒక్కటి నలిగినా తెర పోయినట్టే. అందుకే ఇద్దరు కలిసి ఎత్తాల్సిన పని. లోపలి తెల్ల షీట్లను తీసిన వరసలోనే, వేలిముద్ర పడకుండా, మళ్లీ పెట్టాలి. ఫ్యాను కింద విప్పితే దుమ్ము పడి తర్వాత తెర మీద నల్ల చుక్కలుగా మిగులుతుంది.

పని తెలిసిన మెకానిక్ అయితే ఇంకొకటి చేస్తాడు. డ్రైవర్ దగ్గర ఎల్ఈడీల కరెంటును కొలిచే చిన్న రెసిస్టర్లు పక్కపక్కనే ఉంటాయి. ఒకే విలువవి నాలుగు పారలల్‌గా ఉంటే, ఒకటి తీసేస్తే కరెంటు నాలుగో వంతు తగ్గుతుంది. కంటికి ఆ తేడా పెద్దగా తెలియదు గానీ, ఎల్ఈడీల వేడి బాగా తగ్గుతుంది. అది వద్దనుకుంటే మెనూలో 'బ్యాక్‌లైట్'ను 100 నుంచి 60కి దించండి. 'బ్రైట్‌నెస్' కాదు సుమా. చాలా సెట్లలో బ్రైట్‌నెస్ నలుపు ఎంత నల్లగా ఉండాలో మారుస్తుంది తప్ప దీపాన్ని తగ్గించదు.

ఇంకో లక్షణం కూడా చెప్పి వదిలేస్తాం. తెర మీద నాణెమంత గుండ్రటి తెల్ల మచ్చలు వస్తే, ఎల్ఈడీ మీద వెలుతురును పరిచే ప్లాస్టిక్ బుడిపె, అంటే లెన్స్, జిగురు వదిలి ఊడిపోయిందని అర్థం. స్ట్రిప్పు మార్చక్కర్లేదు, లెన్స్ మళ్లీ అతికిస్తే చాలు.

ప్ర: అద్దాలు తుడిచే ద్రవం కొట్టి టీవీ తుడిచాను. వారానికి కింది నుంచి పైదాకా నిలువు గీతలు పడ్డాయి. రెంటికీ సంబంధం ఉందా? (ఒక గృహిణి, నెల్లూరు)

జ: ఉండే అవకాశం ఎక్కువ. తెర మీద కొట్టిన ద్రవం కిందికి జారి ఫ్రేము సందులోకి వెళ్తుంది. చాలా సెట్లలో ప్యానెల్‌కు సంకేతాలు తెచ్చే రిబ్బన్లు ఆ కింది అంచునే అతికించి ఉంటాయి. తడికి ఆ సన్నటి రాగి గీతలు చిలుము పడతాయి, ఒక్కో గీత తెగినచోట తెర మీద ఒక నిలువు గీత పడుతుంది. సముద్రగాలి తగిలే ఊళ్లలో తుడవకపోయినా ఈ జబ్బు వస్తుంటుంది. ఫ్రేము అంచును వేలితో మెల్లగా నొక్కినప్పుడు గీత పోయి మళ్లీ వస్తుంటే అతుకు వదిలిందని అర్థం. బాండింగ్ మెషీన్ ఉన్న చోట దాన్ని మళ్లీ వేడితో అతికిస్తారు. ఎన్నాళ్లు నిలుస్తుందో పూచీ ఉండదు, ముందే మాట్లాడుకోండి.

ఇకమీదట టీవీ ఆపి, చల్లారాక, పొడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. మరక పోకపోతే గుడ్డను డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి గట్టిగా పిండి వాడండి. ఏ ద్రవమైనా గుడ్డ మీదే వేయాలి, తెర మీద కాదు. అమ్మోనియా, స్పిరిట్ ఉన్నవి అసలు వద్దు, తెర పైపూత పోతుంది.

ప్ర: అటక మీద 21 అంగుళాల పాత కలర్ టీవీ ఉంది. ఆన్ చేస్తే వస్తోంది గానీ ఒక మూల ఊదా రంగు మచ్చ. ఇంజనీరింగ్ చదివే మా అబ్బాయి విప్పి చూస్తానంటున్నాడు. విప్పనివ్వొచ్చా? (ఒక పాఠకుడు, కాకినాడ)

జ: మచ్చ పోగొట్టడానికి విప్పక్కర్లేదు. ముందు పక్కన స్పీకరో, అయస్కాంతం ఉన్న వస్తువో ఉంటే తీసేయండి. టీవీని ప్లగ్గు దగ్గర ఆపి అరగంట వదిలేసి ఆన్ చేయండి. 'డుంగ్' మని ఒక శబ్దం వస్తుంది. అలా నాలుగైదు సార్లు, ప్రతిసారీ అరగంట విరామంతో. చాలావరకు పోతుంది.

కారణం ఇదీ. ట్యూబు వెనక మెడలో ఉన్న మూడు గన్లు ఎలక్ట్రాన్లను చిమ్ముతాయి. అవి తెర లోపలి ఫాస్ఫర్ పూతను తాకిన చోటే వెలుగు పుడుతుంది. ఎరుపు గన్ను ఎరుపు చుక్కనే తాకాలి కాబట్టి, పూతకు కాస్త వెనక సన్నటి చిల్లుల లోహపు రేకు ఉంటుంది, షాడో మాస్క్ అంటారు. రేకుకు అయస్కాంతం ఎక్కితే ఎలక్ట్రాన్లు దారి తప్పి పక్క రంగును తాకుతాయి. ఆ మూల ఊదా రంగు అదే. దీన్ని సరిచేయడానికి తెర చుట్టూ డీగాసింగ్ కాయిల్ ఉంటుంది. ఆన్ చేసిన క్షణంలో పాసిస్టర్ అనే భాగం చల్లగా ఉండి కాయిల్‌లోకి పెద్ద కరెంటు వదులుతుంది, వేడెక్కే కొద్దీ దాన్ని తగ్గించేస్తుంది. అలా తగ్గుతూ పోయే అయస్కాంత శక్తి రేకును మామూలు చేస్తుంది. పాసిస్టర్ చల్లారకుండా వెంటవెంటనే ఆపి వేస్తే ఫలితం ఉండదు. ఆ శబ్దమే రాకపోతే పాసిస్టర్ పోయి ఉండొచ్చు. టీవీ ఎప్పుడైనా కిందపడి రేకు వంగి ఉంటే మాత్రం ఇక ఏం చేసినా మచ్చ పోదు. బ్లాక్ అండ్ వైట్ సెట్లలో షాడో మాస్కే లేదు, కాబట్టి ఈ బాధా లేదు. హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబరు 23న మొదలైనప్పుడు ఇళ్లలో ఉన్నవి ఆ సెట్లే. మన దగ్గర రంగులు వచ్చింది 1982లో, ఢిల్లీ ఆసియా క్రీడల ఏడాది.

ఇక విప్పడం సంగతి. ట్యూబుకు పక్కన ఎర్రటి రబ్బరు టోపీ కింద ఉండే తీగలో పాతికవేల వోల్టుల దాకా ఉంటుంది. గాజు ట్యూబే కెపాసిటర్‌లా పనిచేస్తుంది కాబట్టి, ప్లగ్గు పీకాక కూడా ఆ చార్జి రోజుల తరబడి నిలిచి ఉండొచ్చు. పవర్ సప్లైలోని పెద్ద కెపాసిటర్‌లో మరో 300 వోల్టులు. లోపల శూన్యం కాబట్టి మెడ విరిగితే గాలి దూరి ట్యూబు పనికిరాదు, ముందు గాజు బలంగా పగిలితే పెంకులు విసురుగా లేస్తాయి. అబ్బాయికి ఆసక్తి ఉంటే పక్కన అనుభవమున్న పాత మెకానిక్‌ను కూర్చోబెట్టి మాత్రమే విప్పనివ్వండి. ఒంటరిగా వద్దు.

అమ్మేయాలనుకుంటే అధీకృత ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి ఇవ్వండి. పాత సామాన్ల వాళ్లకు కావలసింది ట్యూబు మెడ చుట్టూ ఉండే యోక్‌లోని, కాయిల్‌లోని రాగి మాత్రమే. అది పీక్కుని, సీసం కలిసిన గాజును ఏ చెరువు గట్టునో పారేస్తారు.

అన్నట్టు, ఆ టీవీ దగ్గర పిల్లలకు సన్నటి కీచు శబ్దం వినిపిస్తుంది, మీకు వినిపించకపోవచ్చు. బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. అంటే సెకనుకు 15,625 గీతలు గీయాలి, ఆ వేగానికి ట్రాన్స్‌ఫార్మర్ పాడే పాట అది. వయసు పెరిగే కొద్దీ చెవి అంత పై స్థాయిని పట్టుకోలేదు.

ప్ర: ప్లాస్మా టీవీలు ఎందుకు మాయమయ్యాయి? (ఒక పాఠకుడు, వరంగల్)

జ: బొమ్మ బాగాలేక కాదు. ప్రతి గడిలో నియాన్, జీనాన్ వాయువుల గుండా కరెంటు పారి, అప్పుడు పుట్టే అతినీలలోహిత కిరణాలకు ఫాస్ఫర్ వెలిగేది, నలుపు ఆనాటి ఎల్‌సీడీ కన్నా ఎంతో మెరుగు. కానీ కరెంటు ఎక్కువ తాగేది, బరువెక్కువ, వెలుతురున్న గదిలో డల్‌గా కనిపించేది, గళ్లు చిన్నవి చేయడం కష్టం కాబట్టి ఫుల్ హెచ్‌డీకి నాలుగు రెట్లు చుక్కలుండే 4కేకు సరిపడలేదు. ప్యానసోనిక్ 2013 చివర్లో తయారీ ఆపేసింది, మరుసటి ఏడాది శాంసంగ్, ఎల్‌జీ తప్పుకున్నాయి.

ప్ర: నాన్నగారు రోజుకు పది గంటలు న్యూస్ ఛానలే చూస్తారు. ఓలెడ్ కొందామా, క్యూఎల్ఈడీ కొందామా? రెండు పేర్లూ ఒకేలా ఉన్నాయి, రేట్లు మాత్రం కావు. (ఒక పాఠకురాలు, విజయవాడ)

జ: నాన్నగారి అలవాటుకు ఓలెడ్ వద్దు. ఇంగ్లిషులో రాస్తే (OLED, QLED) పేర్లలో ఒక్క అక్షరం తేడా, లోపల మాత్రం రెండూ వేరు జాతులు. క్యూఎల్ఈడీ అంటే పైన చెప్పిన తోలుబొమ్మల టీవీనే. వెనక నీలం ఎల్ఈడీలు పెట్టి, ముందు క్వాంటమ్ డాట్లనే అతిసూక్ష్మ కణాల పొర వేస్తారు. అది నీలం వెలుతురులో కొంతభాగాన్ని స్వచ్ఛమైన ఎరుపు, ఆకుపచ్చలుగా మారుస్తుంది. ఆ క్వాంటమ్ డాట్ల పరిశోధనకే 2023 రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. ఓలెడ్‌లో వెనక దీపమే లేదు, ప్రతి చుక్కా తన దీపం తానే. నలుపు కావాలంటే ఆ చుక్క ఆరిపోతుంది, కాబట్టి నలుపు నిజంగా నలుపే. 2007లో సోనీ తెచ్చిన మొదటి ఓలెడ్ టీవీ 11 అంగుళాలది, తెర మందం 3 మిల్లీమీటర్లే.

చుక్క సొంతంగా వెలిగితే సొంతంగా అరుగుతుంది కూడా. న్యూస్ ఛానల్‌లో కింది స్క్రోలింగ్ పట్టీ, మూలన ఛానల్ గుర్తు రోజంతా కదలకుండా ఒకేచోట వెలుగుతాయి. అక్కడి చుక్కలు మిగతావాటికన్నా ముందు ముసలివవుతాయి. ఏ సినిమా పెట్టినా కింద లీలగా ఆ పట్టీ కనిపించడం మొదలవుతుంది. దీన్నే బర్న్-ఇన్ అంటారు. అది వచ్చాక పోదు.

ఇప్పటికే ఓలెడ్ ఉన్నవాళ్లు మన ఇళ్లలో చేసే ఒక తప్పు మానుకోవాలి. రిమోట్‌తో ఆపగానే గోడ మీద స్విచ్ కూడా తీసేస్తాం. ఓలెడ్ సెట్లు ఆపిన తర్వాత, స్టాండ్‌బైలో ఉన్నప్పుడు, చుక్కల అరుగుదలను కొలిచి సరిచేసుకుంటాయి. ఎల్‌జీ సెట్లలో మొత్తం వాడకం నాలుగు గంటలు దాటినప్పుడల్లా కొద్ది నిమిషాల పాటు ఈ పని జరుగుతుంది. స్విచ్ తీసేస్తే అది జరగదు. రాత్రి పడుకునేముందు రిమోట్‌తో ఆపి, గోడ స్విచ్ అలాగే వదిలేయండి. ఉరుములు మెరుపులుంటే మాత్రం ప్లగ్గు పీకాల్సిందే, మర్నాడు సవరణ చేసుకుంటుంది.

బడ్జెట్ ఉంటే నాన్నగారికి మినీ ఎల్ఈడీ చూడండి. వెనక దీపాలను వందల కొద్దీ గుంపులుగా విడగొట్టి, చీకటి ఉన్నచోట ఆ గుంపును తగ్గిస్తాయి. చీకట్లో చంద్రుణ్ని చూపిస్తే చుట్టూ వరదగుడి కట్టినట్టు చిన్న వెలుగు వలయం కనిపిస్తుంది, దీపం గుంపు చంద్రుడి కన్నా పెద్దది కాబట్టి. వార్తలు చూసేవాళ్లకు అది అడ్డు కాదు.

ప్ర: 43 అంగుళాల 4కే టీవీ కొన్నాం. పది అడుగుల నుంచి చూస్తాం. సీరియళ్లు పాత ట్యూబు టీవీలోనే బాగున్నాయనిపిస్తోంది. టీవీ నాసిరకమా? (ఒక పాఠకుడు, ఒంగోలు)

జ: టీవీ తప్పు లేదు, దానికి అందుతున్న బొమ్మ చిన్నది. మామూలు ఎస్‌డీ (హెచ్‌డీ కాని) ఛానల్ బొమ్మలో కనిపించే గీతలు 576. మీ తెరలో 2160. అంటే ఒక్కో గీతను దాదాపు నాలుగు గీతలుగా సాగదీయాలి. ట్యూబు టీవీ ఆ 576 కోసమే పుట్టింది, పైగా దాని చుక్కల అంచులు మెత్తగా కలిసిపోయేవి, లోపాలు కప్పిపుచ్చేది. సెట్‌టాప్ బాక్సును పసుపు, తెలుపు, ఎరుపు పిన్నుల తీగతో కలిపి ఉంటే అది తీసేసి హెచ్‌డీఎంఐ వాడండి. హెచ్‌డీ బాక్సు, హెచ్‌డీ ఛానల్ ఉంటేనే తేడా తెలుస్తుంది. మనుషులు లావుగా, పొట్టిగా కనిపిస్తే బొమ్మ ఆకారాన్ని 4:3కి మార్చండి. షార్ప్‌నెస్‌ను సున్నాకు దగ్గరగా దించండి, పెంచితే ముఖాల చుట్టూ తెల్లగీతలు వస్తాయి తప్ప స్పష్టత రాదు.

4కే విషయంలో ఒక లెక్క. మామూలు చూపు ఒక కోణపు నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు) దాకా వేరు చేయగలదు. మీ తెర వెడల్పు 95 సెంటీమీటర్లు, 4కే చుక్క పావు మిల్లీమీటరు. మూడడుగుల లోపు కూర్చుంటేనే ఆ చుక్కల లాభం పూర్తిగా దక్కుతుంది. ఐదున్నర అడుగులు దాటితే ఫుల్ హెచ్‌డీకీ 4కేకీ తేడా తెలియదు. టేపు తీసుకుని తెర వెడల్పు కొలవండి. అంత దూరం దాకా 4కే వల్ల లాభం, దాదాపు దానికి రెట్టింపు దాటితే లేదు. పది అడుగుల నుంచి ఆ తేడా కనిపించాలంటే 77 అంగుళాలు మించిన తెర కావాలి. కాబట్టి తర్వాతి టీవీకి చుక్కల సంఖ్య మీద కాకుండా సైజు మీద, నలుపు ఎంత బాగుంటుందన్న దాని మీద డబ్బు పెట్టండి.

ప్ర: కొత్త టీవీలో సినిమాలు కూడా సీరియల్ షూటింగులా కనిపిస్తున్నాయి. ఎందుకు? (ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

జ: సినిమాలో సెకనుకు 24 బొమ్మలే ఉంటాయి. మీ టీవీ వాటి మధ్య తనే కొత్త బొమ్మలు అల్లి దూరుస్తోంది. పిక్చర్ సెట్టింగుల్లో సోనీ అయితే మోషన్‌ఫ్లో, ఎల్‌జీ అయితే ట్రూమోషన్ అన్న పేరుతో ఉంటుంది, ఆఫ్ చేయండి. క్రికెట్‌కు కావాలంటే మళ్లీ ఆన్ చేసుకోండి, బంతి తోక లేకుండా కనిపిస్తుంది.